మా ఆయన్ని కొట్టిన తలుపు

"మన తలుపు నన్ను కొట్టిందని ఈ లోకంలో ఎంతమందికి తెలుసు?"

నా ఫోను ఆయన చేతిలో ఉంది. ఆయన డ్యూటీ పాంటు నా చేతిలో ఉంది. కాలి దగ్గర మడత ఊడిపోతే కుడుతున్నాను. రేపు పొద్దున ఆ పాంటు వేసుకుని బస్సెక్కుతానని ఆయన పంతం, ఎక్కనివ్వకూడదని నా పంతం. అలాంటప్పుడు దాన్ని ఎందుకు కుడుతున్నావంటారా? ముప్ఫయ్యేళ్ళుగా ఎవరేది తెచ్చి ఒళ్ళో పడేసినా కుట్టే చెయ్యి ఇది.

"ఏడుగురికి తెలుసు," అన్నాను.

"ఏడుగురికి! వాళ్ళలో ఒక్కరి మొహమైనా చూశావా?"

"లేదు."

"మొహం తెలియనివాళ్ళకి నా భుజం సంగతి తెలుసన్నమాట."

నేను దారం కొరికాను.

నాలుగు రోజుల తర్వాత ఆయన నోట వచ్చిన మొదటి మాటలివి. గురువారం కంటి ఆసుపత్రి నుంచి వచ్చినప్పటి నుంచీ ఇంట్లో మౌనవ్రతం. భోజనానికి పిలిస్తే వచ్చి కూర్చోవడం, తినడం, కంచం కడిగి బోర్లించడం. మామూలుగా కంచం కడగని మనిషి కడిగారంటే కోపం ఏ స్థాయిలో ఉందో అర్థం చేసుకోవచ్చు.

కోపానికి కారణాలు రెండు. మొదటిది, ఆయన్ని ఆసుపత్రికి నేను లాక్కెళ్ళడం. రెండోది, ఇంటి సంగతులు నేను బయటివాళ్ళకి రాస్తున్నానని ఇవాళ నా ఫోనులో బయటపడటం.

డాక్టరుగారు నీటికాసులై ఉండొచ్చన్నారు. కంట్లో ఒత్తిడి పెరిగి, చూపును అంచుల నుంచి కొరుక్కుంటూ వచ్చే జబ్బట అది. నొప్పి ఉండకపోవచ్చు. ఎదురుగా ఉన్నది చివరిదాకా బాగానే కనబడుతుంది. అందుకే మా ఆయన ఏటేటా డిపోలో గోడమీది అక్షరాలన్నీ, అడుగున అచ్చువేసినవాళ్ళ పేరుతో సహా, గడగడా చదివి పాసవుతూ వచ్చారు. పక్క చూపు సంగతి ఆ అక్షరాలకేం తెలుసు?

పక్క చూపుకి వేరే పరీక్ష ఉంది. పెద్ద తెల్ల గిన్నెలాంటి యంత్రంలో మొహం పెట్టి, నడిమి బొట్టునే చూస్తూ కూర్చోవాలి. చుట్టూ ఎక్కడో ఒకచోట చిన్న వెలుగు మెరిసి పోతుంది. కనబడితే చేతిలో మీట నొక్కాలి. గురువారం మా ఆయన నొక్కారు. టక్, టక్, టక్, టక్. వినడానికి ముచ్చటేసింది. అన్నీ కనబడుతున్నాయి కాబోలు, అనవసరంగా భయపడ్డాననుకున్నాను.

చివర్న కాగితం మీద యంత్రం రాసింది, ఈ జవాబులు నమ్మడానికి లేవని.

గడుసు యంత్రం. మధ్యమధ్యలో వెలుగు వేసినట్టే వేసి, వెయ్యకుండా ఊరుకుంటుందట. అప్పుడు కూడా మా ఆయన నొక్కారు. ఇరవై రెండేళ్ళు బస్సు నడిపిన మనిషికి ఏ యంత్రం లయైనా తాళమైనా నిమిషంలో చిక్కుతుంది. తాళం చిక్కింది, ఇక వెలుగుతో పనేముంది, తాళానికి నొక్కుకుంటూ పోయారు.

రేపు పదింటికి మళ్ళీ పరీక్ష. అప్పటిదాకా బండి నడపొద్దన్నారు డాక్టరుగారు. డిపోకి మాత్రం జ్వరమని చెప్పారు మా ఆయన. ఆ జ్వరం సెలవు ఇవాళ్టితో సరి. రేపు ఆయన ఆసుపత్రికి వస్తారా, డిపోకి వెళ్తారా అన్నదే ఇప్పుడు ఈ ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ప్రశ్న.

"నేను డ్యూటీకే వెళ్తున్నాను," అన్నారు, నా మనసులో మాట విన్నట్టు. "నా కళ్ళకేం కాలేదు."

"తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు," అన్నాను పాంటుతో.

"ఏమిటి గొణుగుతున్నావు?"

"ఏం లేదు."

అప్పుడే గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. మా వదిన. ఆయనకి అక్క, రెండు వీధుల అవతల ఉంటుంది. మా ఇంట్లో గొడవ మొదలైతే ఆవిడకి ఎలా తెలుస్తుందో ఇన్నేళ్ళైనా కనిపెట్టలేకపోయాను. పాలు పొంగేలోపు వచ్చేస్తుంది.

"ఏమే మరదలా, నా తమ్ముణ్ణి రచ్చకెక్కించావటగా?"

"అక్కా, నువ్వుండు," అన్నారు మా ఆయన.

"నేనెందుకుంటానురా? ఇంటి గుట్టు లంకకు చేటని ఊరికే అన్నారా? నేను ముందునుంచీ చెప్తూనే ఉన్నాను, దీని నోట్లో నువ్వుగింజ నానదని." సంచిలోంచి ఒక లంగా తీసి నా ఒళ్ళో పడేసింది. "నడుము దగ్గర వదులు చెయ్యి. తొందరేం లేదు, ఇవాళే కావాలి."

తిట్టే నోరు తిడుతూనే ఉంటుంది, పని చెప్పే చెయ్యి చెప్తూనే ఉంటుంది. రెండింటికీ సంబంధం లేదు. మా వదినలో నాకు నచ్చేది అదే.

"నేను గుట్టేం చెప్పలేదు వదినా. చిన్న చిన్న సంగతులు రాస్తానంతే. వాళ్ళూ రాస్తారు."

"ఏం సంగతులు?"

ఆవిడకి తెలియదు కాబట్టి చెప్పాల్సి వచ్చింది. మూడేళ్ళ కిందట ఎవరో ఒకావిడ పాత కుట్టుమిషను అమ్ముతానని ఫోనులో ఒక గుంపు పెట్టింది. మిషను వారంలో అమ్ముడుపోయింది. ఆవిడ వెళ్ళిపోయింది. కొనుక్కోలేకపోయిన ఎనిమిది మందిమి మాత్రం ఆ గుంపులో అలాగే మిగిలిపోయాం. ఒకరోజు లిఫ్టులు బాగుచేసే ఆయన రాశాడు: 'మిషను పోతే పోయింది. ఇవాళ మా వీధిలో కుక్క నన్ను చూసి ఆవులించింది. ఎవరికి చెప్పుకోను?' అలా మొదలైంది. రోజుకి ఒక్కొక్కరం ఒక్క చిన్న సంగతి రాయాలి. పెద్ద సంగతులకి చోటు లేదు. జబ్బులు, చావులు, తగాదాలు, లోకం ఎటుపోతోందన్న బెంగలు అక్కడ నిషేధం. అవి రాసుకోవడానికి లోకమంతా ఉంది కదా. ఆ లిఫ్టులాయన్ని బాబాయి అంటాం. గ్రంథాలయంలో పనిచేసే ఆవిడ పిన్ని. కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి బిగించే ఆయన అద్దాలన్నయ్య. నన్ను సూది అంటారు. మా ఆయన్ని సారథిగారు అంటారు.

"నన్నా?" అన్నారు మా ఆయన. "నేనెప్పుడు చేరాను అందులో?"

"మీరు చేరలేదు. మీ సంగతులే చేరాయి."

"అదే కదా నేనంటున్నది!" ఫోను పైకెత్తి చదవడం మొదలుపెట్టారు. వాళ్ళక్క ముందు నా నేరం రుజువు చెయ్యాలని ఆయన తాపత్రయం. "విను అక్కా. 'మా తలుపు మా ఆయన్ని మళ్ళీ కొట్టింది. మళ్ళీ ఎడమ భుజమే. పదిహేనేళ్ళుగా ఆ తలుపు అక్కడే ఉంది. ఆయన్ని చూస్తే దానికి ఇప్పుడెందుకు కోపం వచ్చిందో.' విన్నావా?"

వదిన నవ్వు ఆపుకోలేకపోయింది. కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"ఇంకా ఉంది. 'ఇవాళ సారథిగారు టీని కప్పు పక్కన పోసి, తప్పు కప్పుదేనని తేల్చారు.' ఇదొకటి. 'మెట్లలో ఆఖరి మెట్టుని రోజూ తిడుతున్నారు. అది ఎవరి జోలికీ వెళ్ళే రకం కాదు.' 'వీధి దీపం చుట్టూ రంగు రంగుల గుండ్రాలున్నాయన్నారు. నాకు కనబడలేదు. పెళ్ళైన ఇరవై ఆరేళ్ళకి కవిత్వం మొదలైంది.' చూడు అక్కా, నీ తమ్ముడంటే దీనికి ఎంత లోకువో!"

వదిన నవ్వుతూనే ఉంది. నేను నవ్వలేదు. ఆ నాలుగూ రాసినప్పుడు నాకూ నవ్వే వచ్చింది. ఇప్పుడు ఆయన గొంతులో వరసగా వింటుంటే అవన్నీ ఒకే సంగతిలా వినబడుతున్నాయి. ఎనిమిది నెలలు. ఎనిమిది నెలలపాటు నా కళ్ళముందు మనిషి చూపు పోతుంటే నేను కూర్చుని చమత్కారాలు రాసుకున్నాను.

"ఇంకా చదవండి," అన్నాను.

"చదువుతాను. నాకేం భయం?"

చదివారు. ఫోను తెర జరుపుతూ వెనక్కి, ఇంకా వెనక్కి వెళ్ళారు. గొంతు కొంచెం తగ్గింది.

"'సారథిగారు ఇవాళ స్టాపు దాటాక బండి ఆపారట. చేతికర్రతో ఒక పెద్దాయన పరిగెత్తుకొస్తుంటే. ఎక్కి కూర్చున్నాక ఆ పెద్దాయన, నేను ఈ బస్సు కోసం కాదు, వ్యాయామానికి పరిగెత్తుతున్నానన్నాడట.'"

వదిన పగలబడి నవ్వింది. మా ఆయన నవ్వలేదు. నా వైపు చూశారు.

"ఇది నేను నీకెప్పుడు చెప్పాను?"

"పోయిన చలికాలంలో. సాయంత్రం."

"నువ్వు మిషను మీద ఉన్నావు."

"ఉన్నాను."

"ఆ చప్పుడులో నీకు వినబడదనుకున్నాను."

ఇంకోటి చదివారు. ఆయన బస్సులో రోజూ ఒకే సీటులో కూర్చునే నర్సమ్మ సంగతి. ఇంకోటి, వానలో వైపరు ఆగిపోతే కండక్టరు కిటికీలోంచి చెయ్యి చాచి గొడుగు కొసతో అద్దం తుడిచిన సంగతి. వాటి కింద వాళ్ళు రాసినవి కూడా చదివారు, మెల్లగా. సారథిగారి బస్సు మా వైపు రాదా అని పిన్ని. నేను పైకీ కిందికీ తప్ప ఎటూ వెళ్ళినవాణ్ణి కాను, ఆయన రోజూ ఎక్కడెక్కడికో వెళ్తారు అని లిఫ్ట్ బాబాయి. వానలో క్షేమంగా ఇంటికొచ్చారా అని అద్దాలన్నయ్య.

"నేను చెప్పేవన్నీ వింటున్నావా?" అన్నారు.

"మరి? మిషను చప్పుడు పాదాల దగ్గర కదా. చెవులు ఖాళీయే."

ఇన్నేళ్ళూ సాయంత్రాలు ఆయన మిషను పక్క స్టూలు మీద కూర్చుని, ఎవరికీ వినబడదన్న ధైర్యంతో రోజంతా అప్పజెప్పేవారు. నేను తలెత్తకుండా వినేదాన్ని. తలెత్తితే ఆపేస్తారని నాకు తెలుసు. ఆ సంగతి ఆయనకి చెప్పాల్సిన రోజు ఇలా వస్తుందనుకోలేదు.

వదిన ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, నా ఒళ్ళోంచి లంగా తీసి మడిచింది. "నేను వంటింట్లో టీ పెడతాను," అంది. మా వదిన గొడవ మధ్యలో లేచి వెళ్ళడం నేను చూడటం ఇదే మొదలు.

ఆయన ఫోను ఇంకా వదల్లేదు. అద్దాలన్నయ్య నాకు విడిగా రాసిన మాటలు తెరిచారు. నేను వద్దనలేదు. దాచి ఏం చేస్తాను?

"'చెల్లెమ్మా, నవ్వకుండా ఒక్క మాట విను. తలుపు, ఆఖరి మెట్టు, దీపం చుట్టూ రంగులు. ఈ మూడూ పక్కపక్కన పెట్టి చూడు. నేను డాక్టర్ని కాను, అద్దాలు బిగించేవాణ్ణి. కానీ మా నాన్న కూడా ఇలాగే గుమ్మాలకి కొట్టుకునేవారు. ఇంటిల్లిపాదీ నవ్వేవాళ్ళం. ఆయనా నవ్వేవారు. మా నవ్వు ఆగేటప్పటికి ఆలస్యమైపోయింది. సారథిగార్ని ఈ వారమే చూపించు. ఆయనకి కోపం వస్తే నా మీదకి తోసెయ్.'"

చదవడం అయ్యాక కూడా ఫోను వైపే చూస్తూ ఉండిపోయారు. వంటింట్లో గిన్నె కింద పడ్డ చప్పుడు. వదిన వింటోంది.

"కోపం వస్తే తన మీదకి తోసెయ్యమన్నాడు," అన్నారు చివరికి. "నువ్వు తొయ్యలేదు. నీకే అనుమానం వచ్చిందని నాతో అన్నావు."

"మొహం తెలియని మనిషి మీద తోస్తే మీరు అసలే వచ్చేవారు కాదు."

"నిజమే."

అక్కడితో అయిపోతుందనుకున్నాను. డ్యూటీ పాంటు మడిచి బల్లమీద పెట్టాను. ఆయన దాన్ని చూశారు, నన్ను చూడలేదు.

"నీ సంగతుల్లో ఒకటి లేదు," అన్నారు.

"ఏది?"

"పోయిన నెలలోది. పొద్దున రెండో ట్రిప్పు. బడి దగ్గర స్టాపు." గొంతు సవరించుకున్నారు. "ఒకావిడ దిగింది. చేతిలో బుట్ట. అద్దంలో చూశాను, ఎదురుగా చూశాను, ఎవరూ లేరు. బండి కదిపాను. కండక్టరు అరిచాడు, విజిలు కూడా కాదు, అరిచాడు. బ్రేకు తొక్కిపట్టి ఆపి దిగి చూస్తే ముందు చక్రం పక్కన బుట్ట పడి ఉంది. ఆవిడ దాని పక్కన నిలబడి ఉంది. ఎడమ పక్కన. ఇంత దగ్గర." చేత్తో చూపించారు. జానెడు. "నాకు కనబడలేదు. అసలు కనబడలేదు. ఆవిడ బుట్ట తీసుకుని, పర్లేదు బాబూ అంది. పర్లేదంది నాతో!"

ఆ సాయంత్రం నాకు గుర్తుంది. స్టూలు మీద కూర్చున్నారు, ఏమీ చెప్పలేదు. ఆ రోజు నేను గుంపులో రాసింది కూడా గుర్తుంది. ఇవాళ మా ఆయన కబుర్లు లేవు, మిషను ఒక్కటే మాట్లాడిందని.

"అంటే గురువారం మీకు తెలుసు," అన్నాను. "మీట నొక్కేటప్పుడు తెలుసు."

"తెలుసు."

"తెలిసే నొక్కారు."

"మరేం చెయ్యమంటావు? నాకు బండి తప్ప ఇంకేం వచ్చు? స్టీరింగు ముందు కూర్చోకపోతే నేనెవర్ని?" గొంతు పైకి లేచింది, అక్కడే విరిగిపోయింది. "రాసుకో, ఇది కూడా రాసుకో మీ గుంపులో."

"ఇది చిన్న సంగతి కాదు. దీనికి అక్కడ చోటు లేదు."

"మరెక్కడ చోటుంది?"

"మనింట్లో ఉంది. చెప్పారుగా ఇప్పుడు."

ఆయన మొహం చేతుల్లో పెట్టుకున్నారు. నేను లేచి వెళ్ళి స్టూలు మీద, ఆయన ఎప్పుడూ కూర్చునే చోట, కూర్చున్నాను. నాకు ఆయన మీద కోపం రావాలి. ఆ బుట్ట పట్టుకున్న ఆవిడ ఎవరింటి మనిషో, ఆ రోజు ఆ కండక్టరు టికెట్లు చింపుతూ తల దించుకుని ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే కోపం వచ్చే తీరాలి. వచ్చింది కూడా. కానీ దాని వెనకే, దాన్ని తోసుకుంటూ, ఇంకోటి వచ్చింది. అరిచినందుకు ఆ కండక్టరు మీద, నవ్వకుండా చదివినందుకు ఆ అద్దాలన్నయ్య మీద ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందంటే, ఎదురుగా ఉంటే ఇద్దరి కాళ్ళకీ దండం పెట్టేదాన్ని.

"చుక్కల మందు వేసుకుంటే మిగిలిన చూపు నిలుస్తుందన్నారు డాక్టరుగారు," అన్నాను. "ఎంత మిగిలిందో మీరు చెప్తేనే కదా ఏ మందు, ఎంత అన్నది వాళ్ళకి తెలిసేది? మీరు అన్నీ కనబడుతున్నాయని నొక్కితే అన్నీ ఉన్నాయనే అనుకుంటారు. యంత్రాన్ని మోసం చెయ్యడం కాదు ఇది. మీ కళ్ళని మీరే మోసం చేసుకోవడం."

"నిజం నొక్కితే ఉద్యోగం పోతుంది."

"పోవచ్చు."

"పోదని అనవేం?"

"అబద్ధం చెప్పడం ఇవాళ్టి నుంచి ఇద్దరం మానేద్దాం."

వదిన టీ తెచ్చింది. కప్పులు మూడు. ఆయన కప్పు తెచ్చి కుడి పక్కన పెట్టింది. వెళ్ళి గుమ్మంలో కూర్చుంది. కళ్ళు తుడుచుకుంటోందని ఆవిడ వీపు చూస్తేనే తెలిసింది.

ఆయన టీ తాగి ఫోను తీశారు. ఈసారి తన ఫోను. డిపో మేనేజరుకి చేశారు.

"సార్, రేపు నేను రాలేను... లేదు సార్... ఆ, ఇంకా తగ్గలేదు సార్." అవతల ఏదో అడిగినట్టున్నారు. ఆయన ఏదో చెప్పబోయి ఆగారు. "జ్వరమే సార్," అని పెట్టేశారు.

నా వైపు చూడకుండా, "ఒక్కరోజులో అన్ని నిజాలూ నా వల్ల కాదు," అన్నారు. నేను అడగలేదు. రేపు ఆసుపత్రికి వస్తున్నారు, నాకది చాలు.

మర్నాడు తొమ్మిదిన్నరకి ముగ్గురం ఆసుపత్రిలో ఉన్నాం. వదిన రావక్కర్లేదంటే వినలేదు. వరసగా వేసిన ప్లాస్టిక్ కుర్చీల్లో మధ్యలో ఆయన, అటూ ఇటూ మేము. ఆయన బట్టలు ఇస్త్రీవి, తల దువ్వుకున్నారు. డ్యూటీకి వెళ్ళేటప్పుడు ఎలా తయారవుతారో అలాగే తయారయ్యారు.

ఫోను మోగుతూనే ఉంది. పొద్దున లేవగానే నేను గుంపులో ఒక్క ముక్క రాశాను, నియమం తప్పి. 'సారథిగారికి పదింటికి కంటి పరీక్ష. పెద్ద సంగతే. క్షమించండి.' ఎవరూ ధైర్యం చెప్పలేదు, దేవుణ్ణి నమ్ముకో అనలేదు. అంతా కలిసి ఒక్కటే పని చేశారు. చిన్న సంగతులు రాస్తూ పోయారు. రోజుకొకటే అన్న లెక్క మరిచిపోయి.

"ఏమంటున్నారు?" అన్నారు ఆయన.

"బాబాయి రాశాడు. ఇవాళ లిఫ్టులో ఇరుక్కున్న ఒకాయన్ని గంటసేపు కష్టపడి బయటికి తీస్తే, ఆయన నేరుగా వెళ్ళి మెట్లకి దండం పెట్టాడట."

ఆయన పెదవులు కొంచెం కదిలాయి.

"పిన్ని రాసింది. పదకొండేళ్ళ కిందట తీసుకెళ్ళిన పుస్తకం ఒకాయన ఇవాళ తిరిగిచ్చాడట. ఆలస్యమైందా అని అడిగాడట."

ఈసారి వదిన నవ్వింది. "ఇదేనా మీరు రోజూ రాసుకునేది?"

"ఇదే వదినా."

"ఇంతోటి దానికి గుంపెందుకే? నన్నడిగితే పూటకి పది చెప్తానుగా." కాసేపాగి, గొంతు తగ్గించి అంది: "ఆ అద్దాలాయన్ని ఒక మాట అడుగు. నాకీ మధ్య సూదిలోకి దారం ఎక్కడం లేదని."

"దాన్ని చత్వారం అంటారక్కా," అన్నారు మా ఆయన. "దానికి ఆయన అక్కర్లేదు. నేనే చెప్పగలను."

ముగ్గురం నవ్వాం. ఎదురుగా కూర్చున్నవాళ్ళు తలెత్తి చూశారు. ఆసుపత్రిలో నవ్వే కుటుంబాన్ని చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. నాకైతే ఆ క్షణంలో ఎవరెవరికో దండాలు పెట్టాలనిపించింది. ఎక్కడో అద్దం అరగదీస్తున్నవాడికి, ఎక్కడో లిఫ్టు గుంతలో దిగి ఉన్నవాడికి, మా వదినకి, ఇస్త్రీ చొక్కా వేసుకుని నా పక్కన కూర్చున్న ఈ మనిషికి. మాకు ఏం మిగలబోతోందో తెలియదు. అయినా ఎంత ఉందో అప్పుడు కనబడింది.

లోపలికి పిలిచారు. గదిలో దీపాలు తగ్గించి ఉన్నాయి. పరీక్ష చేసే అమ్మాయి గురువారం ఉన్న అమ్మాయే. నన్ను గోడవార కుర్చీలో కూర్చోమంది.

"సార్, ఈసారి..." అంటూ మొదలుపెట్టింది మొహమాటంగా.

"తెలుసమ్మా," అన్నారాయన. "పోయినసారి తప్పు నాది. మిషనుని తప్పుపట్టకు."

అమ్మాయి ఆయన ఎడమ కన్ను మూసింది. కుడి కంటికి పరీక్ష. గిన్నెలో మొహం పెట్టారు. నాకు ఆయన వీపు, మీట పట్టుకున్న చెయ్యి, దాని బొటనవేలు మాత్రమే కనబడుతున్నాయి. వెలుగులు నాకు కనబడవు. వినడమే నా పని.

టక్. టక్. కొంచెం ఆగి, టక్. ఇంకొంచెం ఆగి, టక్, టక్. గురువారం నాటి పరుగు లేదు. ఖాళీలు ఉన్నాయి. ఒక్కొక్క ఖాళీలో ఒక వెలుగు వచ్చి ఆయనకి కనబడకుండా పోయి ఉండొచ్చు. లేదా యంత్రం ఆయన్ని పరీక్షిస్తూ ఊరుకుని ఉండొచ్చు. నాకు తెలిసే దారి లేదు. ఒక్కటి మాత్రం తెలిసింది. ఆ బొటనవేలు తొందరపడటం లేదు. నా భర్త ఇప్పుడు నిజం చెప్తున్నారు. నా కళ్ళు నిండాయి, ముక్కు చీదితే ఆయన తల తిప్పుతారని కొంగు నోట్లో కుక్కుకున్నాను.

"కుడి కన్ను అయింది సార్. కాసేపు రెస్టు తీసుకుంటారా?"

"వద్దమ్మా. కానియ్."

కుడి కన్ను మూసింది. ఎడమ కంటికి మొదలైంది.

టక్.

నేను రెండోదాని కోసం చూశాను. రాలేదు. యంత్రం లోపల ఏదో చిన్నగా గుర్రుమంటోంది, అంటే అది పని చేస్తోంది. బొటనవేలు మీట మీదే ఉంది, సిద్ధంగా, కదలకుండా. నిన్న నేనే అడిగాను నిజం చెప్పమని. ఇప్పుడు నాకు లేచి వెళ్ళి ఆ వేలిని నా వేలితో నొక్కాలనిపించింది. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కటి.

టక్. చాలాసేపటికి.

తర్వాత మళ్ళీ ఏమీ లేదు.

అమ్మాయి తన తెర వైపు చూసింది, ఆయన వైపు చూసింది. మీటేదో నొక్కి యంత్రం ఆపింది.

"సార్, అలిసిపోయారా? నిద్రొస్తోందా?"

"లేదమ్మా. మెలకువగానే ఉన్నాను."

"వెలుగులు వస్తున్నాయి సార్."

"వస్తున్నాయా?" అన్నారాయన.

ఆ గొంతులో కోపం లేదు, బెదురు లేదు. స్టాపులో తను ఎక్కాల్సిన బస్సు వచ్చిందో లేదో పక్కవాళ్ళని అడిగే మనిషిలా అడిగారు. గిన్నెలోంచి మొహం తియ్యలేదు. వేలు మీట మీద నుంచి తియ్యలేదు.

"అయితే రానీ అమ్మా. నాకు కనబడినప్పుడు నొక్కుతాను. నువ్వు ఆపకు."

అమ్మాయి నా వైపు చూసింది. నేను తల ఊపాను. యంత్రం మళ్ళీ మొదలైంది.